చెయ్యి తగలని లేసు

లాగ్ 388
యంత్రం: నడుస్తోంది. పంటు మీద మనుషులు: లేరు.

ఈ లాగ్ యంత్రం రాయాలి. యంత్రానికి రాయడం రాదు. ఆ మాటకొస్తే అల్లడమూ రాదు. అందుకని దాని అల్లిక మేం అల్లుతున్నాం, దాని లాగ్ నేను రాస్తున్నాను. పైనున్న మొదటి లైను మాత్రం నాది కాదు. పొద్దున్నే తెర వెలిగేసరికి అది అక్కడే ఉంటుంది. గోవర్ధన్ గారి బొటనవేలు పడితే తప్ప మారదు. పడవల లెక్క చూసే తీరం ఆఫీసుకి పోయేది ఆ లైను ఒక్కటే. ఆయన మా సూపర్‌వైజరు.

నా పేరు సత్యవేణి. మొన్నమొన్నటి దాకా బుద్ధిగా యంత్రం గొంతుతోనే రాశాను. "నేడు వరసలు సక్రమంగా పూర్తయినవి. గాలిలో తేమ తగు మోతాదులో ఉన్నది." ఇలాగన్నమాట. ఒకరోజు విసుగొచ్చి "ఇవాళ చారులో ఉప్పెక్కువైంది" అని రాసి చూశాను. ఎవరూ కిక్కురుమనలేదు. యంత్రం చారెందుకు తాగిందని కూడా అడగలేదు. దీన్ని ఎవరూ చదవరని ఆ రోజుతో తేలిపోయింది. ఇక నాకు తోచిందే రాస్తాను.

మా పంటు ఒకప్పుడు జనాన్ని గోదారి దాటించేది. లారీలు, మోటారు సైకిళ్ళు, పెళ్ళివారు, అందరూ ఎక్కేవారట. సముద్రం లోపలికొచ్చి మా ఊళ్ళని మింగేశాక దాటడానికి అవతలి గట్టు లేకుండా పోయింది. కంపెనీ దీన్ని కొని, అంతర్వేది లైట్‌హౌసు తల ఇంకా నీళ్ళ పైకి కనిపిస్తున్న చోట లంగరు వేసి, పైన అద్దాల గది కట్టింది. గదిలో యంత్రం ఉంటుంది. తెల్లగా, సన్నగా, ఆరు చేతులతో. మేం దాన్ని పెళ్ళికూతురు అంటాం. ముస్తాబు చేసి కూర్చోబెడతారు, వచ్చినవాళ్ళంతా చూసి మెచ్చుకుంటారు, అదేమో ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టదు.

ఇవాళ కొనేవాళ్ళ పడవ వచ్చింది. మనుషులు లేని పంటు కాబట్టి వాళ్ళు ఎక్కరు, పక్కనే ఆగి అద్దాల్లోంచి చూస్తారు. హారన్ వినగానే మేం పదముగ్గురం దారపు ఉండలూ సూదులూ ఎత్తుకుని కింద ఇంజను గదిలోకి దిగిపోయాం. పైన గోవర్ధన్ గారు చాటునుంచి మీట నొక్కారు, పెళ్ళికూతురు ఆరు చేతులూ ఆడించింది. స్పీకర్లో ఇరావతి మేడం గొంతు మొదలైంది. 'అస్పర్శ' కంపెనీ ఆవిడదే. విశాఖలో ఏదో మేడ మీంచి మాట్లాడతారు, పంటు మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు.

"ఇన్నాళ్ళూ మనం వేసుకున్న ప్రతి అందమైన బట్ట వెనకా ఎవరో ఒక అమ్మాయి కళ్ళు పోగొట్టుకుంది. ఎవరి ఆకలో, ఎవరి చెమటో మన ఒంటి మీద కప్పుకుని తిరిగాం. ఇక ఆ పాపం మనకొద్దు. ఇది మనిషి చెయ్యి తగలని లేసు. ఒకే దారం. ఎక్కడా అతుకు లేదు, కన్నీళ్ళు లేవు."

పైన చప్పట్లు మోగాయి. కింద ఎస్తేరు మామ్మ బోసినోటితో నవ్వింది. మాలో సగం మందికి సూది పట్టడం నేర్పింది ఆవిడే. "ఆవిడ సెప్పేది నిజవేనే. మనం ఏడిత్తే కదా కన్నీళ్ళుండేది. అసలు మనవే లేం" అంది. నవ్వు బయటికి వినపడకుండా నా పక్కన భాగ్యం కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్నీ యంత్రాలే చేసే ఈ రోజుల్లో కొక్కెపు సూదితో అల్లే లేసు ఒక్కటే దేనికీ లొంగలేదు. కంపెనీ మొదట్లో నిజంగానే ప్రయత్నించిందట. ఆరు చేతులు పెట్టినా కుదరక మమ్మల్ని తెచ్చుకుంది. చేత్తో చేశామని చెప్పి అమ్మితే మంచి ధరే వస్తుంది. చెయ్యి తగల్లేదని, పాపం అంటదని చెప్పి అమ్మితే ఎంతిచ్చయినా కొంటారు. ఒకప్పుడు ఎస్తేరు మామ్మ తాతల్ని ముట్టుకుంటే మైల అని ఊరవతల ఉంచారు. ఇప్పుడు ఆవిడ ముట్టుకోలేదని చెప్పి అమ్ముకుంటున్నారు. ఎటు తిరిగీ మా చేతుల మీదే పడి ఏడుస్తారు.

లాగ్ 390
యంత్రం: నడుస్తోంది. పంటు మీద మనుషులు: లేరు.

భాగ్యం చేతిలో సూది దిగింది.

రోజూ పనిలో కూర్చునే ముందు ఘాటు మందు కలిపిన శుద్ధి నీళ్ళలో చేతులు ముంచాలి. నూనె, చెమట, వేలిముద్ర, ఏదీ లేసుకి అంటకూడదు. కొనేవాళ్ళలో కొందరు భూతద్దం పెట్టి మరీ వెతుకుతారట, ఎక్కడైనా మనిషి జాడ దొరుకుతుందేమోనని. అందుకే కొబ్బరినూనె బంద్, మల్లెపూలు బంద్, ఎండుచేపలైతే పేరెత్తితేనే గోవర్ధన్ గారికి చెమటలు పడతాయి. ఆ నీళ్ళు మా వేలిముద్రల్ని ఎప్పుడో తినేశాయి, ఇప్పుడు చర్మాన్ని తింటున్నాయి. మా అరచేతులు ఎండాకాలం చెరువు అడుగులా పగిలాయి.

ఇప్పుడు అల్లుతున్న గౌను వచ్చే వారం విశాఖ షోలో చూపించేది. ఒకే దారంతో సాగాలి కాబట్టి అందరం ఒకేసారి అల్లడానికి లేదు. ఒకరు లేస్తే ఆ సూది అందుకుని ఇంకొకరు కూర్చోవాలి. వంతు దగ్గర పడుతోందంటే అన్నం కూడా సయించదు. భాగ్యం వంతులో పగుళ్ళు సలిపి సూది జారింది. కొక్కెం అరచేతిలో దిగితే తిన్నగా ఊడి రాదు. మామ్మ తీస్తుంటే భాగ్యం పెదవి కొరుక్కుంది తప్ప అరవలేదు.

గోవర్ధన్ గారు పరిగెత్తుకొచ్చి, "లేసు మీద చుక్క పడిందా?" అన్నారు. మొదటి మాట అదే. తర్వాత "అయ్యో, గట్టిగా తగిలిందా అమ్మా" అన్నారు. ఆ రెండో మాట కూడా అన్నారు కాబట్టి ఆయన్ని పూర్తిగా తిట్టలేకపోతున్నాను.

చుక్క పడింది. ఆవగింజంత. మామ్మ దాని మీద గంజి రాసి తెల్లగా కప్పేసింది. చేతికి గుడ్డ చుట్టుకుని భాగ్యం ఆ వరస పూర్తి చేసి మరీ లేచింది.

భాగ్యం మా పిన్ని కూతురు. మా ఊరు మునిగాక ఇద్దరం కలిసే సామాన్ల పడవలో బస్తాల కింద దాక్కుని ఇక్కడికొచ్చాం. ఆరు నెలలన్నారు. ఆ ఆరు నెలలు ఎప్పుడయ్యాయో కూడా మర్చిపోయాం. నాకంటే చాలా చిన్నది, నాకంటే బాగా అల్లుతుంది. ఈ మాట దాని ముందు ఎప్పుడూ అనలేదు. నెత్తికెక్కి కూర్చుంటుంది.

లాగ్ 392
యంత్రం: నడుస్తోంది. పంటు మీద మనుషులు: లేరు.

భాగ్యం ఒళ్ళు కాలిపోతోంది. చెయ్యి బూరెలా పొంగింది. మణికట్టు నుంచి పైకి ఎర్రగీత ఒకటి పాకుతోంది. మామ్మ చూసి దేవుణ్ణి తలుచుకుంది. నన్ను పక్కకి పిలిచి, "మా అక్కకి ఇలాగే వొచ్చిందే. గీత మోచెయ్యి దాటితే చెయ్యి తీసెయ్యాలన్నారు. సంక దాకా పోతే మడిసి దక్కదన్నారు. రోజులాగే యవ్వారం కాదు" అంది.

ఇద్దరం గోవర్ధన్ గారి గదికెళ్ళాం.

"డాక్టరు పడవని పిలవండి" అన్నాను.

"పిలవాలంటే పంటు మీద మనుషులున్నారని తీరం ఆఫీసు వాళ్ళకి చూపించాలమ్మా. ఇక్కడ మనుషులు లేరు. మనుషులు లేని చోటికి డాక్టరెందుకొస్తాడు?"

"యంత్రానికి జొరం తగిలిందని సెప్పండి బాబూ" అంది మామ్మ.

ఆయన నవ్వలేదు. నవ్వే మాట కాదని ఆయనకీ తెలుసు.

"పోనీ సామాన్ల పడవలో పంపించండి. వచ్చింది అలాగే కదా" అన్నాను.

"అప్పుడు రేవులో పాత గేటమ్మా. ఇప్పటిది ఒంటి వేడి పసిగడుతుంది. జ్వరంతో ఉన్న మనిషి దాని కళ్ళు కప్పి పోలేదు. ఏ లెక్కలోనూ లేని మనిషని తీసుకెళ్ళి లాకప్‌లో వేస్తారు, మందు కూడా ఇవ్వరు. షో అయిపోనివ్వండి, నేనే ఏదో ఒకటి చేస్తాను."

"షో దాకా ఆ చెయ్యి ఆగుతుందా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మనుషులు లేరు, మనుషులు లేరు అంటారేంటండీ? మీరు మనిషి కాదా? మీరున్నారుగా!"

"కాగితాల మీద నేను విశాఖ ఆఫీసులో కూర్చుని ఇదంతా చూస్తున్నట్టు ఉంటుందమ్మా. నేనూ ఇక్కడ లేను" అన్నారు, తల దించుకుని. తర్వాత సొరుగులోంచి మాత్రల డబ్బా తీసి నా చేతిలో పెట్టారు. సగం ఖాళీ. ఆయనకి తలనొప్పి వస్తుందని భార్య పెట్టి పంపినవట.

తలనొప్పి మాత్రలు. ఉన్నంతలో ఇచ్చారు, నిజమే. నాకు మాత్రం ఆ డబ్బా సముద్రంలోకి గిరాటేయాలనిపించింది. వెయ్యలేదు. భాగ్యానికి రెండు వేశాను.

లాగ్ 394
యంత్రం: నడుస్తోంది. పంటు మీద మనుషులు: లేరు.

గౌను దాదాపు అయిపోయింది. ఆఖరి వరసలు నావే. రేపు మధ్యాహ్నం సామాన్ల పడవ వచ్చి పట్టుకుపోతుంది. ఎర్రగీత భాగ్యం మోచేతి దగ్గరికి వచ్చేసింది. నేను అల్లుతూ ఒక కంట దాన్నే చూస్తున్నాను. గౌను అందంగా వచ్చింది. ఎంత అందంగా వచ్చిందంటే, చూస్తుంటే కడుపు రగిలిపోతోంది.

మామ్మ నా పక్కన చతికిలబడింది. "రేపు ముడెయ్యకే" అంది మెల్లిగా.

మా వైపు లేసు పనిలో ఒక పద్ధతి ఉండేది. అల్లిక అంటే ఒక కన్నులోంచి, అదే దారపు మెలికలోంచి, ఇంకో కన్ను లాగడమే. ఆఖరి కన్నులోంచి దారం దూర్చి బిగిస్తే లేసు నిలుస్తుంది. బిగించకపోతే అంతా నిలిచినట్టే ఉంటుంది గానీ, కొస పట్టుకుని లాగితే మొదటి కన్ను దాకా ఊడి వచ్చేస్తుంది. ఆ ఆఖరి ముడి ఎప్పుడు పడితే అప్పుడు వేసేవారు కాదు. తీసుకెళ్ళే మనిషి వచ్చి, లేసు చేతిలోకి తీసుకుని, "ఎవరల్లారు?" అని అడగాలి. అల్లినామె తన పేరు చెప్పాలి. చెప్పి, ఆ మనిషి కళ్ళ ముందే ముడి బిగించాలి. పేరు చెప్పకుండా ముడేసిన లేసుని పచ్చి లేసు అనేవారు. పచ్చిది ఇల్లు దాటనిచ్చేవారు కాదు.

పంటు మీద ఆ పద్ధతి పోయింది. ఇక్కడ అడిగేవాళ్ళెవరు? అల్లింది యంత్రమైతే పేరేం చెబుతాం? మొదటిసారి అడగకుండా ముడేసిన రోజు మామ్మ అన్నం తినలేదు. మాకు అప్పుడు నవ్వొచ్చింది, ముసలామె చాదస్తం అనుకున్నాం.

"ఒకే దారం, ఒకే దారం అని ఆవిడే గొప్పలు పోయిందిగా" అంది మామ్మ. "ఆ దారం కొస నీ యేలికి సుట్టుకో. ముడి మాత్రం పడనీకు. డాట్రు పడవొచ్చాకే ముడి."

నేను అందరి ముఖాలూ చూశాను. ఎవరూ వద్దనలేదు. మాలో పిల్లతల్లి పేరంటాలు మాత్రం, "గౌనంతా ఊడదీత్తే మన కష్టం కదే అక్కా పోయేది?" అంది. అది అడగాల్సిన మాటే. గౌనులో దాని వరసలూ ఉన్నాయి, పసిబిడ్డని తీరాన వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చిన బెంగతో అల్లినవి.

"మన కష్టం ఎప్పుడో పోయిందే" అన్నాను. "అది ఆ పెళ్ళికూతురి పేరు మీద రాసేశారు. మన దగ్గర మిగిలింది కొస ఒక్కటే."

లాగ్ 395
యంత్రం: నడుస్తోంది. పంటు మీద మనుషులు: లేరు.

ఎడంచేత్తో రాస్తున్నాను. కుడి చూపుడువేలికి దారం చుట్టి ఉంది. తప్పులుంటే యంత్రం తప్పులనుకోండి.

పొద్దున్నే గౌను బొమ్మ మీద వేసి, దాని పక్కనే, ఈ తెర చేతికందేలా, పీట వేసుకుని కూర్చున్నాను. ఆఖరి కన్ను తెరిచే ఉంది. గోవర్ధన్ గారు పెట్టె తెచ్చారు.

"ముడి వేశారా అమ్మా?"

"వెయ్యలేదండి. డాక్టరు పడవ వచ్చాక వేస్తాను."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక ముఖం పాలిపోయింది. రెండడుగులు ముందుకేశారు. నేను చూపుడువేలు కాస్త ఎత్తాను. సర్రుమని సగం వరస ఊడి వచ్చింది. ఆయన ఎక్కడివారక్కడ ఆగిపోయారు.

"లాక్కుంటే లాక్కోండి. మీరు లాగితే దారమూ వస్తుంది" అన్నాను.

గోడ మీది తెర వెలిగింది. ఇరావతి మేడం. ఇన్నాళ్ళూ గొంతే విన్నాం, ముఖం ఇదే మొదటిసారి. చక్కటి మనిషి. కోప్పడలేదు, చాలా మెత్తగా మాట్లాడారు.

"చూడమ్మా, మీకు ఏం కావాలో చెప్పండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"కూర్చునే ఉన్నానండి. మా చెల్లెలికి డాక్టరు కావాలి. పంటు మీద మనుషులున్నారని మార్చండి, పడవ దానంతటదే వస్తుంది."

"అదొక్కటీ కుదరదు. ఇంకేదైనా అడగండి. అందరికీ రెట్టింపు ఇస్తాను."

"రెట్టింపు ఏంటండీ? లేనోళ్ళకి రెండింతలిచ్చినా లేనోళ్ళకేగా" అంది మామ్మ వెనకనుంచి.

మేడం మెత్తదనం అక్కడితో అయిపోయింది. "గార్డుల్ని పంపుతాను. అరగంటలో అక్కడుంటారు."

"పంపండమ్మా" అన్నాను. "వాళ్ళు పంటు ఎక్కితే వాళ్ళనేమని రాస్తారు? గార్డులు కూడా యంత్రాలేనా?"

తెర మీద ఆవిడ చేతిలోకి తీసుకున్న ఫోన్ మళ్ళీ కింద పెట్టేశారు. అప్పుడు నాకు మొదటిసారి ధైర్యం వచ్చింది. మమ్మల్ని లేకుండా చెయ్యడానికి కట్టిన గోడ ఇప్పుడు ఆవిడకే అడ్డమొచ్చింది. ఇక్కడికి మనిషిని పంపాలంటే ఇక్కడ మనుషులు ఉండొచ్చని ఒప్పుకోవాలి.

ఆవిడ ఆలోచిస్తున్నంతసేపూ నేను ఊరుకోలేదు. లాగాను. ముందు పోయినవి నా వరసలే. నిన్నటి కోపమంతా పెట్టి అల్లినవి, ఎంత తేలిగ్గా ఊడాయో. తర్వాతివి పేరంటాలువి. "లాగెయ్ అక్కా, నాయే" అంది అది, ముఖం పక్కకి తిప్పుకుని. ఆ తర్వాతివి మామ్మవి. "మొన్న కళ్ళజోడు పగిలినప్పుడు అల్లినయ్యే అయ్యి. ఎలా వొచ్చినయ్యో సూసుకోనేలేదు" అంటూ ఊడుతున్న వరసని చేత్తో నిమిరింది. నిమురుతుండగానే అది దారమైపోయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ పంటు మీద ఏడుపు నిషేధం, ఉప్పు మరకలు పడతాయని. ఇవాళ హాయిగా ఏడ్చాను.

ఈలోగా వెనకనుంచి ఘుమఘుమ వాసన. మామ్మ ఎప్పటినుంచో వెనక రెయిలింగు కింద దాచి ఎండబెట్టిన మెత్తళ్ళ చేపల్ని ఎవరో నూనెలో వేశారు. పంటు అంతా కమ్మేసింది. అద్దాల గదిలోకి, పెళ్ళికూతురి ఆరు చేతుల్లోకి, గౌనులోకి. గోవర్ధన్ గారు ముక్కు మూసుకోలేదు. ఆయనదీ ఈ చుట్టుపక్కల ఊరే అనుకుంటాను.

"ఒక పని చేద్దాం" అన్నారు మేడం. "ఒక్క మనిషి అని మారుస్తాం. ఆ అమ్మాయిని తీసుకెళతారు. మిగతావాళ్ళు కిందికి దిగి ఉండండి. సరేనా?"

సరే అనబోయాను. నిజం చెబుతున్నాను, నోటిదాకా వచ్చింది. నాకు కావలసింది భాగ్యం చెయ్యే కదా. మామ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఒక్కదాన్ని రాత్తే అది దొంగతనంగా ఎక్కిన మడిసి అవుద్ది. గేటు కాడ పట్టుకుని లాకప్పులో ఏత్తారు, చెయ్యి అక్కడే కుళ్ళుద్ది. పదముగ్గుర్ని రాత్తేనే పనోళ్ళం."

మేడం ముఖంలో రంగు మారింది. మామ్మ సరిగ్గా పట్టేసిందని దాంతో అర్థమైంది.

"పదముగ్గురు" అన్నాను. ఇంకో వరస లాగడానికి వేలు ఎత్తి ఆగిపోయాను. గంజి పూసిన చోటు కనిపించింది. కింద ఆవగింజంత చుక్క. భాగ్యం వరస. చేతికి గుడ్డ చుట్టుకుని పూర్తి చేసిన వరస.

అందరివీ లాగినదాన్ని దానిది లాగలేకపోయాను. వేలు బిగుసుకుపోయింది. గోవర్ధన్ గారు అది చూశారు, తెరలో మేడం కూడా చూశారు. ఇక లాగనని వాళ్ళకి తెలిసిపోయింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలారు.

మూల చాప మీంచి భాగ్యం గొంతు వినిపించింది. నిన్నటినుంచి మాట్లాడని మనిషి. "లాగక్కా."

"నువ్వూరుకోవే."

"లాగంటే లాగు. చెయ్యే పోయాక నా వరసెందుకు, ఎవరొంటి మీదో ఊరేగటానికా? నా వరస నాకిచ్చెయ్."

లాగాను. సర్రుమంది. గంజి పొడిపొడిగా రాలింది. ఆ చుక్కున్న దారం నా ఒళ్ళో పడింది. తర్వాతి వరస కూడా లాగాను. ఆ తర్వాతిది కూడా. ఇప్పుడు నా వేలికి ఆగే ఉద్దేశం లేదు. జానెడు గౌను పోయింది. దూరంగా సామాన్ల పడవ హారన్ కొట్టింది.

"గోవర్ధన్! ఏదో ఒకటి చెయ్యండి!" అని అరిచారు మేడం. అంత చక్కటి గొంతు, అరిస్తే మా ఊరి గొంతులాగే ఉంది.

గోవర్ధన్ గారు దారం జోలికి రాలేదు. ఈ తెర దగ్గరికి వచ్చారు. నేను రాస్తున్న ఈ లాగ్ దగ్గరికే. "జరగండమ్మా" అన్నారు.

లాగ్ 395
యంత్రం: ఆగింది. పంటు మీద మనుషులు: పద్నాలుగు.

ఆయన బొటనవేలు పెట్టగానే మొదటి లైను మారింది. నేను రాస్తున్నదంతా అక్కడికి తెగిపోయి కొత్త లాగ్ మొదలైంది. అందుకే ఒకే రోజుకి రెండున్నాయి.

మామ్మ కళ్ళు చికిలించి చూసి, నాచేత చదివించుకుంది. "లెక్క తప్పేరు బాబూ. మేం పదముగ్గురవే."

"నేనూ ఇక్కడే కదమ్మా తింటున్నాను" అన్నారు గోవర్ధన్ గారు.

పేరంటాలు వెళ్ళి ఒక పళ్ళెంలో వేయించిన మెత్తళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన నిలబడే తిన్నారు.

మేడం తెరలోంచి వెళ్ళలేదు. "అడిగింది చేశారుగా. ఇక ముడి వెయ్యండి" అన్నారు, పళ్ళు బిగించి.

"మాటంటే మాటేనండి, వేస్తాం. కానీ ఎవరూ అడగలేదుగా" అంది మామ్మ.

"ఏమడగాలి?"

"ఎవరల్లారని."

మేడం అడగలేదు. అడిగితే మాటల్లో ఒప్పుకున్నట్టవుతుందని ఆవిడ పక్కన ఎవరో చెప్పడం మాకు వినిపించింది. నేను కొస వేలికి చుట్టుకునే కూర్చున్నాను.

తెల్లటి డాక్టరు పడవ వచ్చి పంటుకి ఆనుకుంది. అందులోంచి ఒక నర్సు, ఇద్దరు కుర్రాళ్ళు స్ట్రెచరుతో ఎక్కారు. నర్సు భాగ్యం చెయ్యి చూసి పెదవి విరిచింది, సూది మందు వేసింది, "చెయ్యి దక్కుతుందనుకుంటాను. ఒక వేలు మాత్రం చెప్పలేను" అంది. ఉన్నమాట చెప్పినందుకు ఆ పిల్లంటే నాకు గౌరవం కలిగింది. పేర్లు రాసుకోవాలని అందరివైపూ తిరిగింది. తిరిగినప్పుడు బొమ్మ మీదున్న గౌను కనపడింది. అంచు ఊడిపోయి, మెత్తళ్ళ వాసన కొడుతూ, అయినా వెలిగిపోతోంది.

"అబ్బ!" అంది. దగ్గరికి వెళ్ళి అంచు చేతిలోకి తీసుకుంది, చేతులు కడుక్కోకుండానే. "ఎంత బాగుందండీ! ఎవరల్లారు?"

ఆ పిల్లకి మా పద్ధతి తెలీదు. ఊరికే అడిగింది. తెరలో మేడం ముందుకు వంగారు, ఏదో చెప్పబోయారు. స్ట్రెచరు మీంచి భాగ్యం ముందే అనేసింది.

"నేనండి. ముమ్మిడి భాగ్యలక్ష్మిని."

"నేను. నల్లి ఎస్తేరు" అంది మామ్మ, కొంగు సర్దుకుని, చర్చిలో నిలబడ్డట్టు నిటారుగా.

"పేరంటాలునండి."

ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆ పిల్ల అర్థం కాక అందరి ముఖాలూ చూస్తోంది, గౌను అంచు వదలకుండా. ఆఖర్న నా వంతు వచ్చింది. పేరు చెప్పాను. చెప్పి, ఆఖరి కన్నులోంచి దారం దూర్చి, అందరూ చూస్తుండగా బిగించాను.

గౌను సామాన్ల పడవ ఎక్కింది. జానెడు పొట్టిదైంది, వేసుకునే ఆవిడ చీలమండలు కనిపిస్తాయి. మనిషి చెయ్యి తగల్లేదని చెప్పుకోవడం ఇక మేడం ఇష్టం. తీరం లెక్కలో పద్నాలుగు మంది ఉన్నారు. ఊడిన దారమంతా తెంచి ఉండ చుట్టి భాగ్యం పక్కన పెట్టాను. చుక్కున్న ముక్క పైకి కనపడేలా చుట్టాను.

రేపు మిగతావాళ్ళని తీసుకెళ్ళడానికి పెద్ద పడవ వస్తుందట. ముందు గేటులోంచే వెళతాం, బస్తాలు కప్పుకోకుండా. "అక్కడ మీకు పనుండదమ్మా. ఈ కంపెనీ మిమ్మల్ని మళ్ళీ తీసుకోదు" అన్నారు గోవర్ధన్ గారు, నిజంగానే బాధపడుతూ. తీసుకున్నదెప్పుడండీ, మేం లేనే లేంగా, అన్నాను. ఆయన నవ్వారు. ఇన్నాళ్ళలో ఆయన నవ్వడం ఇదే చూడటం.

నా చేతులకి కొబ్బరినూనె రాసుకున్నాను. ఈ తెర మీద జిడ్డు వేళ్ళ మరకలు పడుతున్నాయి. తుడవను. రేపటినుంచి ఈ లాగ్ యంత్రమే రాసుకుంటుంది, చేతనైతే.